తల ఎత్తిన బాతు బొమ్మలు

మా బాబాకు పెద్దబాతుల వేట పిచ్చి ఫోన్‌లో వీడియోలు చూసి పట్టింది. బాబా అంటే నన్ను కన్న తండ్రి కాదు. ఖతర్‌లో ఇళ్ళల్లో పనిచేసే డ్రైవర్లు, వంటవాళ్ళు ఇంటి యజమానిని అలా పిలుస్తారు. నా వీసా ఆయన పేరు మీద ఉండేది, నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉండేది, ఆయన సంతకం పెడితే తప్ప నేను విమానం ఎక్కే వీలు లేదు. అప్పట్లో రూలు అది. కన్న తండ్రికి కూడా నా మీద అన్ని హక్కులు లేవు.

ఖతర్‌లో అందరూ షేకులే అనుకునేవాళ్ళకు మా బాబాను చూపించాలి. ఏదో ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఒక టీ బ్యాగుతో రెండు కప్పులు చేయించుకునేవాడు. ఆయన కారు దిగి పది అడుగులు వేసేలోపు నేను ఏసీ ఆపకపోతే వెనక్కి వచ్చి మరీ అద్దం తట్టేవాడు. ఆయన స్నేహితులు డేగలతో వేటాడే రకం. ఒక్కో డేగ ధరకు మా ఊళ్ళో రెండంతస్తుల ఇల్లు కట్టుకోవచ్చు. వాళ్ళ మాటల మధ్య ఈయన ఖర్జూరాలు నములుతూ ఊరికే కూర్చునేవాడు. అలాంటి మనిషికి ఎవరో ఒక వీడియో పంపారు. అందులో తెల్లవాళ్ళు పొలంలో ప్లాస్టిక్ బాతులు పరిచి పడుకుంటే, పైన పోయే బాతుల గుంపు అదేదో చుట్టాల ఇల్లన్నట్టు నేరుగా వచ్చి దిగుతుంది. డేగ అక్కర్లేదు, దాని మేత అక్కర్లేదు. బాబా ఆ వీడియో కారులో ఎన్నిసార్లు చూశాడో, తుపాకీ మోత ఎక్కడ వస్తుందో నాకు కంఠతా వచ్చేసింది.

ఒకరోజు, "మీ దేశంలో ఇట్లా వేటాడతారా?" అని హిందీలో అడిగాడు. నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. మా కడప వైపు కౌజు పిట్టల్ని పట్టే పద్ధతి చెప్పాను. మా చిన్నాయన దగ్గర ఒక పెంపుడు కౌజు ఉండేది. దాన్ని బుట్టలో పెట్టి కంపచెట్ల దగ్గర దించి, చుట్టూ ఉచ్చులు పాతేవాడు. అది మెడ నిక్కించి కూత పెడితే, నా జాగాలోకి ఎవడొచ్చాడని అడవి కౌజు పోట్లాటకు పరిగెత్తుకొచ్చి ఉచ్చులో పడేది. అలా పిలిచే పిట్టను మా వైపు దీమం అంటారు. బాబా వెనక సీట్లోంచి ముందుకు వంగి విన్నాడు. ఆ ఒక్క ముక్కతో ఆయన దృష్టిలో నేను వేట నిపుణుణ్ణి అయిపోయాను. ప్లాస్టిక్ బాతులు కొనే పని నా నెత్తిన పడింది. ఎనిమిది వందల రియాళ్ళు చేతిలో పెట్టి, అంతకు మించి "ఫులూస్ మాఫీ" అన్నాడు. డబ్బు లేదని దాని అర్థం. ఆ మాట ఆయన నోట రోజూ వినేదే.

అదే వారం మా బామ్మర్ది ఫోన్ చేశాడు. నా భార్యకు తమ్ముడు, ఇరవై ఆరేళ్ళవాడు, పెళ్ళయి ఒక బిడ్డ. ఊళ్ళో సెంట్రింగ్ పని చేసేవాడు.

"బావా, ఏజెంటు వచ్చినాడు. మీ కాడనే, ఖతర్‌లో. స్టేడియం పనంట. వాళ్ళు వరల్డ్ కప్పుకు మనుషుల్ని తెగ తీసుకుంటాండారంట. కంపెనీ పేరు గూడా చెప్పినాడు," అని పేరు చెప్పాడు. "నువ్వు ఊఁ అంటే పాస్‌పోర్టు ఇచ్చేస్తా. వద్దంటే మానుకుంటా. ఒక మాట చెప్పు."

ఆ పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. బాగా తెలుసు, ఎందుకంటే ప్రతి శుక్రవారం ఆ కంపెనీ క్యాంపుకు నేనే వెళ్ళేవాణ్ణి. బాబా పిసినారే గానీ ఆయన భార్య చెయ్యి పెద్దది. శుక్రవారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ తినగా మిగిలిన మాంసం అన్నం, ఆమె కావాలని ఎక్కువ వండించిన ఇంకో గిన్నె, రెండూ కారు వెనక పెట్టించి కార్మికుల క్యాంపుకు పంపేది. మేముండే అల్ రయ్యాన్‌కు పడమటి వైపు, రోడ్లన్నీ తవ్వి పడేసిన చోట ఉండేది ఆ క్యాంపు. ఒక్కో గదిలో పన్నెండు మంది. నాలుగు నెలలుగా జీతాలు రాలేదు. కంపెనీ మెస్సు మూతపడి మూడు వారాలైంది. నేను వెనక డోరు ఎత్తేసరికి పళ్ళేలు పట్టుకుని బారుగా నిలబడేవాళ్ళు. గొడవ ఉండేది కాదు, తోసుకోవడం ఉండేది కాదు. నిజామాబాద్ వైపు మనిషి ఒకతను ప్రతిసారీ అన్నం పెట్టించుకున్నాక, "అన్నా, నీ ఫోన్ల బ్యాలెన్స్ ఉన్నదా, ఇంటికి ఒక్క మిస్డ్ కాల్ ఇస్త," అనేవాడు. ఇచ్చేవాణ్ణి.

కాబట్టి బామ్మర్దికి చెప్పాల్సిన మాట ఏమిటో నాకు ఎలాంటి సందేహమూ లేదు. రావద్దురా. అంతే. కానీ నేను, "చూద్దాంలే, కనుక్కుని చెప్తా," అన్నాను.

ఎందుకన్నానో చెప్తాను. ఖతర్‌కు వచ్చిన ఆరేళ్ళలో ఇంటికి నేను చెప్పిన మాట ఒక్కటే, బాగుండాను. గేటు పక్కన నీళ్ళ ట్యాంకు కింద గదిలో పడుకుంటానని చెప్పలేదు. వారంలో నాకంటూ ఒక పూట లేదని చెప్పలేదు. సెలవు రెండుసార్లు వాయిదా పడితే, రెండుసార్లూ కంపెనీ పని అన్నాను. నాకు కంపెనీ ఏముంది? ఊళ్ళో నన్ను కువైటోడు అంటారు. మా వైపు గల్ఫంతా కువైటే. నేను ఖతర్‌లో ఉన్నానని ఎన్నిసార్లు చెప్పినా అంతే. కువైటోడి భార్య అని నా భార్యకు చీటీల దగ్గర, పెళ్ళిళ్ళ దగ్గర ఒక మర్యాద. ఇప్పుడు వాణ్ణి రావద్దంటే, మరి నువ్వెందుకు ఉండావు అని అడుగుతారు. ఇంకోటి కూడా ఉంది. తాను సంపాదించుకుంటూ భార్య తమ్ముడు బాగుపడితే ఓర్వలేకపోయాడని అత్తగారింట్లో అనుకుంటారని భయం. ఆ భయమే పెద్దది.

రెండోసారి సెలవు వాయిదా పడినప్పటి నుంచీ నాకు దేనికీ ఏమీ అనిపించేది కాదు. దిగులు లేదు, కోపం లేదు. ఫోన్‌లో నా కూతురు పద్యం అప్పజెప్తే బాగుందమ్మా అనేవాణ్ణి, అది నిజంగా బాగుందో లేదో తెలిసేది కాదు. చెయ్యి మీద పడుకుని లేచినప్పుడు ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుంది కదా, మనిషి మొత్తం అలా ఉండేవాణ్ణి. బండి మాత్రం బాగా నడిపేవాణ్ణి. దోహాలో అప్పుడు ప్రతి వారం రోడ్లు మారిపోయేవి, నిన్న ఉన్న రౌండ్‌అబౌట్ ఇవాళ ఉండేది కాదు. ఎక్కడ కొత్త మళ్ళింపు వచ్చిందో చూసుకుంటూ పోవడం నాకు సరిపోయింది. వేరే ఏదీ ఆలోచించాల్సిన పని ఉండేది కాదు.

వేట సామాన్ల అంగడికి ఒక సోమవారం వెళ్ళాను. మలయాళీ సేల్స్‌మన్, చాలా ఓపికున్న మనిషి. బడ్జెట్ ఎంతని ముందే అడిగాడు. చెప్పాక మొహంలో ఏ మార్పూ లేకుండా రకాలు చూపించడం మొదలుపెట్టాడు. నిండు బొమ్మలు ఉన్నాయి, కాళ్ళతో సహా, నాలుగు అడుగుల దూరం నుంచి చూస్తే నిజం బాతే. ధర కూడా నిజం బాతుకు మించి. డొల్ల బొమ్మలు ఉన్నాయి, వీపు మాత్రం ఉండి లోపల ఖాళీ, గిన్నెల్లా ఒకదానిలో ఒకటి పెట్టుకోవచ్చు. తోక దగ్గర గాలి దూరితే ఊగే గుడ్డసంచి బొమ్మలు ఉన్నాయి. అన్నిటికన్నా చవకవి పలక బొమ్మలు. బాతు ఆకారంలో కోసిన పల్చటి ప్లాస్టిక్ రేకు, రెండు వైపులా బొమ్మ అచ్చు, కింద మేకు. పక్క నుంచి చూస్తే బాతు, ఎదురు నుంచి చూస్తే గీత.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నిండు బొమ్మల మీద పడి డబ్బంతా నాలుగైదింటికే పోస్తారని, నాలుగు బాతుల్ని చూసి ఏ గుంపూ దిగదని అతను చెప్పాడు. పలక బొమ్మలు ఎక్కువ తీసుకుని, ముందు వరసకు మాత్రం రెండు మూడు నిండువి పెట్టుకోమన్నాడు. రంగు మెరవకూడదట. ఎండలో నిగనిగలాడితే బాతులకు పైనుంచే తెలిసిపోతుంది. వేలితో రుద్ది, వెలుతురుకు తిప్పి చూడమన్నాడు. చూశాను. ఇదంతా శ్రద్ధగానే విన్నాను. ఆఖరి మాట ఒక్కటి మాత్రం చెవిన పెట్టలేదు.

పలక బొమ్మలు డజను చొప్పున పెట్టెల్లో వస్తాయి. పెట్టెలో ఎక్కువ భాగం తల దించి మేస్తున్నవి, రెండో మూడో తల ఎత్తి చూస్తున్నవి. నేను ఆరు పెట్టెలు విప్పించి, అన్నిట్లోంచీ తల ఎత్తినవే ఏరడం మొదలుపెట్టాను. దీమం అంటే ఎలా ఉండాలి? మెడ నిక్కించి ఉండాలి. చిన్నాయన కౌజు అలాగే ఉండేది. తల వాల్చిన పిట్టను బుట్టలో పెట్టి వేటకు పోయినవాణ్ణి మా ఊళ్ళో నవ్వేవాళ్ళు.

"భాయ్, అందరూ తల దించినవే ఎక్కువ పట్టుకెళ్తారు," అన్నాడు సేల్స్‌మన్.

"వాళ్ళకు తెలియదు," అన్నాను. నాకప్పుడు గర్వంగా అనిపించి ఉండాలి. అనిపించిందని కచ్చితంగా చెప్పలేను గానీ, గర్వం ఉన్నవాడు మాట్లాడినట్టే మాట్లాడాను. అతను నిట్టూర్చి, మిగిలినవి ఎలా అమ్ముకోవాలో గొణుక్కుంటూనే కట్టి ఇచ్చాడు. తల ఎత్తిన పలక బొమ్మలు పద్దెనిమిది, తల ఎత్తిన నిండు బొమ్మలు మూడు. బాబా ఇంటి ముందు వాటిని నేల మీద వరసగా నిలబెట్టి ఒక్కోదాన్నీ చేత్తో తట్టి చూశాడు. మిగిలిన చిల్లర వెంటనే తీసుకున్నాడు.

బాబా బావగారికి ఉత్తరాన, మదీనత్ అల్ షమాల్ పోయే దారిలో ఒక మజ్రా ఉంది. మజ్రా అంటే ఎడారిలో బోరు నీళ్ళతో పెంచే తోట. పశువుల గడ్డి వేసిన పెద్ద మడి ఒకటి, నాలుగు వరసల ఖర్జూరం, కొన్ని మేకలు. అక్కడ పనిచేసేది మన జగిత్యాల వైపు మనిషి. యాభై దాటి ఉంటాడు, అప్పటికి తొమ్మిది చలికాలాలుగా అక్కడే. ఆ ఏడు చలి గట్టిగా పడింది, గడ్డి మడిలోకి పొద్దున్నే పెద్దబాతులు వస్తున్నాయని బావగారికి చెప్పింది అతనే. తుపాకీ లైసెన్సు, వేట అనుమతి కాగితం, రెండూ బాబా కళ్ళద్దాల డబ్బాలో మడిచి పెట్టుకున్నాడు. తెల్లారుతూ ఉండగా బయల్దేరాం.

బొమ్మలు పాతింది నేనే. మడి మధ్యలో, అన్నీ గాలికి ఎదురుగా, తలలు ఎత్తుకుని. బాబా గడ్డి మోపుల వెనక దుప్పటి పరుచుకుని పడుకున్నాడు. ఎండ కాస్త వచ్చాక ఏడు బాతులు సముద్రం వైపు నుంచి వచ్చాయి. బూడిద రంగువి, కీచుగా మాట్లాడుకుంటూ. మడి మీద ఒక చుట్టు తిరిగాయి. ఇంకాస్త కిందికి వచ్చి ఇంకో చుట్టు తిరిగాయి. అంతలో ఒకటి ఏదో అంది, అన్నీ ఒక్కసారిగా పైకి లేచి, వచ్చిన దారినే పోయాయి. బాబా ఇంకో రెండు గంటలు అలాగే పడుకున్నాడు. లేచాక మోకాళ్ళు పట్టేశాయి. నా చేతిలో బరకత్, అంటే కలిసొచ్చే గుణం, లేదని, మీ చిన్నాయన కూడా ఇంతేనా అని, కారు దాకా తిడుతూనే నడిచాడు. నేను తల ఊపాను.

ఆయన బావగారి గదిలో పడుకున్నాక జగిత్యాల మనిషి నాకు టీ ఇచ్చి, మడి గట్టు మీద కూర్చున్నాడు.

"ఏం తమ్మీ, బొమ్మలు కొన్నది నువ్వేనా?"

"నేనే."

"మంచిగనే ఉన్నయ్. గని గవన్ని తల్కాయలు లేపి ఎటో సూస్తున్నయ్ గదా. ఒక్కటన్న మేస్తున్నదా?"

నేను కౌజు పిట్ట సంగతి చెప్పాను. అతను మధ్యలో ఆపకుండా మొత్తం విన్నాడు.

"గది కొట్లాటకొచ్చే పిట్ట తమ్మీ. గందుకు తల లేపాలె. ఇవి కొట్లాటకు రావు, తినెతందుకు వస్తయ్. తొమ్మిదేండ్ల సంది సూస్తున్న. అన్ని తల లేపి నిలవడ్డయంటే ఈడ కుక్కనో నక్కనో ఉన్నట్టు. మీదికెళ్ళి సూసినయేం జేస్తయ్? పోతయ్. అదే కింద ఉన్నయన్ని తల వంచుకొని సల్లగ మేస్తున్నయనుకో, అబ్బ ఈడ మంచిగున్నది, భయం లేదు, తిండి ఉన్నది అని దిగుతయ్."

కొత్తవి కొనమంటే బాబా నన్ను మడిలోనే పాతేస్తాడు. అది అతనికీ తెలుసు. ఇద్దరం కలిసి ఆ సాయంత్రం బొమ్మల పని పట్టాం. పలక బొమ్మల మేకును ఏటవాలుగా గుచ్చి, ముక్కు గడ్డికి ఆనేదాకా ముందుకు వంచాం. నిండు బొమ్మల తలలు ఊడదీసే వీలుంది. వాటిని వెనక్కి తిప్పి బిగిస్తే, వీపులో ముక్కు దాచుకుని కునుకు తీస్తున్నట్టు కనిపించాయి. పలక బొమ్మలు రెండింటిని మాత్రం నిటారుగా ఉంచమన్నాడు.

"అన్ని మేస్తె గూడ అనుమానమొస్తది. ఒకటో రెండో కావలుండాలె," అన్నాడు.

రాత్రికి అక్కడే ఉన్నాం. మర్నాడు పొద్దున అవే ఏడు బాతులు వచ్చాయి. ఒక్క చుట్టు తిరిగాయి, అంతే. రెక్కలు వంచి, కాళ్ళు కిందికి చాపి, నిదానంగా దిగాయి. ఒకటి అప్పటికే దిగి, మా పలక బొమ్మ పక్కనే గడ్డి పీకడం మొదలుపెట్టింది. బాబా రెండుసార్లు కాల్చాడు. రెండు పడ్డాయి, ఐదు లేచిపోయాయి. పడ్డవాటిలో ఒకటి కొట్టుకుంటుంటే బాబా పరిగెత్తుకెళ్ళి దేవుడి పేరు చెప్పి గొంతు కోశాడు. మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. నాకు ఏమైనా అనిపిస్తుందేమో అని కాసేపు చూసుకున్నాను. ఏమీ అనిపించలేదు. బొమ్మలు పీకి, మట్టి తుడిచి, లెక్క చూసి సంచిలో వేశాను.

వెళ్ళబోయే ముందు బాబా నన్ను పిలిచాడు. తన వేట కోటు తీసి నాకు తొడిగాడు. రెండు బాతుల్నీ నా రెండు చేతుల్లో పెట్టి, కారు ముందు నిలబెట్టాడు. "షూఫ్, షూఫ్," అన్నాడు, అంటే ఇటు చూడమని. నవ్వమన్నాడు. నవ్వాను. ఫోటో తీసి, ముచ్చటపడి నా ఫోన్‌కు కూడా పంపాడు. ఫోటోలో వెనక పచ్చటి మడి, తెల్లటి పెద్ద కారు, తోలు కోటు వేసుకుని నవ్వుతున్న నేను.

ఇంటికి వారం రోజులుగా నేను ఏ కబురూ పంపలేదు. బామ్మర్ది మూడుసార్లు చేస్తే డ్యూటీలో ఉన్నానని పెట్టేశాను. నా భార్య, "ఏమయ్యా, వానికేమి చెప్పేది? ఏజెంటు ఈ వారమే అంటాండాడంట," అని వాయిస్ పెట్టింది. పెట్రోల్ బంకు దగ్గర ఆగినప్పుడు దానికి జవాబు రాయాలని ఫోన్ తీశాను. మాట ఏదీ రాలేదు. ఆ ఫోటో పంపాను. కింద ఒక అక్షరం కూడా రాయలేదు. ఎందుకు పంపావని ఎవరైనా నిలదీస్తే, ఏదో ఒకటి పంపాలి కాబట్టి పంపాను అనేవాణ్ణి. అది నిజమే. దాన్ని వాళ్ళింట్లో ఎలా చూస్తారో నాకు తెలియదంటే మాత్రం అబద్ధం.

ఆ తర్వాత బామ్మర్ది, రమ్మంటావా అని నన్ను అడగలేదు. అది నాకు మంచిదే అయింది. వాడు మానుకున్నాడేమో అని కూడా అనుకున్నాను, అనుకోవడం తేలిక కాబట్టి. మార్చి చివర్లో ఫోన్ చేసి, "వీసా వచ్చింది బావా," అన్నాడు. గొంతులో సంతోషం ఆగడం లేదు. అప్పటికైనా చెప్పొచ్చు. టికెట్ ఇంకా తీయలేదు. వాడు నా మాట కోసం ఒక్క క్షణం ఆగాడు కూడా, ఫోన్‌లో కోడి అరుపు వినిపించింది.

"మంచిది," అన్నాను. "బూట్లు తెచ్చుకో. ఇక్కడివి కాళ్ళు కోస్తాయి."

వాడు దిగిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. కంపెనీ బస్సు వచ్చి తీసుకెళ్ళింది. చేరానని ఫోన్ చేశాడు, చుట్టూ మాటల హోరు. శుక్రవారం వస్తానని చెప్పాను. ఆ శుక్రవారం బాబా భార్యతో, క్యాంపు రోడ్డు తవ్వేశారు, దారి మూసేశారు అన్నాను. రోడ్లు నిజంగానే తవ్వి ఉన్నాయి కాబట్టి ఆమె నమ్మింది. అన్నం ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు ఒక బ్యాచిలర్ల విల్లాలో ఇచ్చి వచ్చాను. పై శుక్రవారం కూడా అదే చెప్పాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు. మూడో శుక్రవారం ఆమె, దారి తెరిచారా అని తనే అడిగింది. తెరిచారన్నాను.

ఎండలు ముదిరిన రోజులు. వెనక డోరు ఎత్తగానే బారు కట్టారు. బామ్మర్ది పదో పన్నెండో మనిషి వెనక ఉన్నాడు, చేతిలో స్టీలు పళ్ళెం. నన్ను చూశాడు. వరస దాటి ముందుకు రాలేదు. తన వంతు వచ్చేదాకా నిలబడి, పళ్ళెం చాపాడు. వేశాను. ఇంకో గరిటె వేయబోతే చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. మెడ దగ్గర చర్మం నల్లగా కాలి లేచిపోయి ఉంది.

అందరికీ అయిపోయాక కారు నీడలోకి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుని తిన్నాడు. జీతం సంగతి నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. సగం తిన్నాక అన్నాడు.

"బావా, ఈ అన్నం నువ్వే తెస్తావంట గదా, శానా దినాల నుంచి. ఈడోళ్ళు చెప్పినారు."

"ఊఁ."

"అయితే ఇది ఇట్లుంటాదని నీకు తెలుసు."

తెలియదని చెప్పడానికి ఎన్ని మాటలున్నాయో అన్నీ ఒక్కసారి నోటిదాకా వచ్చాయి. ఇంత అని తెలియదురా, నీ కంపెనీ అదే అనుకోలేదురా.

"తెలుసు," అన్నాను.

వాడు కోప్పడతాడని చూశాను. పళ్ళెంలో మెతుకులు వేలితో ఒక పక్కకు చేర్చుకున్నాడు.

"నీ ఫోటో చూసినాక ఇంక అడగబుద్ధి కాలేదు బావా. అక్క ఊరంతా చూపించింది. అడిగితే బాగుండదులే అనుకున్యా." కాసేపు నమిలాడు. "నువ్వు వద్దని ఒక మాట అనింటే మానుకునేవాణ్ణి. నీ మీద కోపం గూడా వచ్చిండేది కాదు. నాకు చెప్పేదానికి నువ్వు తప్ప ఎవరుండారు?"

అప్పుడు సిగ్గేసింది. ఎన్నాళ్ళుగానో ఏమీ అనిపించని మనిషిని, ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయాను. ఆరేళ్ళుగా నేను భయపడింది దేనికో, అది ఎప్పుడూ లేనే లేదు. వాడు నన్ను నమ్మాడు, అంతే, నేను వద్దన్నా నమ్మేవాడు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని చూశాను, గొంతులోంచి శబ్దం బయటికి వచ్చేసింది. క్యాంపు గోడ వారగా తింటున్నవాళ్ళు తలలు తిప్పారు.

బామ్మర్ది పళ్ళెం కింద పెట్టి, అటూ ఇటూ చూసి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈడ వద్దు బావా," అన్నాడు నెమ్మదిగా. "అందరూ చూస్తాండారు. కార్లో కూర్చుందాం పా."